మారేడుమిల్లి కొండ దిగడానికి ఎంతవుతుంది

మారేడుమిల్లిలో కొండ మీద నుంచి కిందికి సైకిల్ పందెం పెడుతున్నారని మా అమ్మాయి హారిక ఫోన్‌లో చూపించింది. దానికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో మొదటి ముగ్గురికి ఏడాది పాటు మంచి రేసు సైకిలూ, కోచింగూ ఉచితంగా ఇస్తారట. అలాంటి సైకిల్ కొనాలంటే మా కొట్టులో సగం సరుకు అమ్మేసినా చాలదు. అందుకే బయల్దేరాం. పిల్లల్ని తీసుకుని వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని వేళలూ ఖర్చులూ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. నాకొచ్చిన కోపాన్ని కూడా దాచుకోను.

మాది రావులపాలెం. మావారూ నేనూ ఇనప సామాన్ల కొట్టు నడుపుతాం. కాలవలూ అరటి తోటలూ తప్ప చుట్టుపక్కల మిట్టన్నది లేదు. హారిక దిగడం నేర్చుకున్నది ఏటిగట్టు మీద. గట్టు మీద నుంచి ఏటి లంక పొలాల్లోకి ట్రాక్టర్లు దిగే బాట ఒకటుంది. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ బాట మీద ఎక్కడం, దిగడం. సైకిల్ కూడా హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మేసిందే.

శుక్రవారం సాయంత్రం చక్రాలు విప్పి సైకిల్‌ని గోనెపట్టాల్లో కట్టడం మొదలుపెట్టాం. మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. పార కానీ, కొడవలి కానీ, తలుపు బందు కానీ, ఊరు దాటి వెళ్లే ఇనుమేదైనా నూనె గుడ్డతో తుడిచాకే కాగితం చుడతాం. లేకపోతే కాలవ గాలికి రెండు రోజుల్లో తుప్పు పట్టేస్తుంది. హారిక స్నానానికి వెళ్లినప్పుడు చూస్తే చక్రాల మధ్య పలచటి ఉక్కు బిళ్లలు మెరుస్తూ కనిపించాయి. డిస్కులంటారు వాటిని. రెండింటినీ కొబ్బరినూనె గుడ్డతో అంచుల దాకా తుడిచి కట్టేశాను. మా అత్తగారు చేసేదీ అదే, నేను చేసేదీ అదే.

శనివారం పొద్దున్న ఐదూ నలభైకి రాజమండ్రి బస్సెక్కాం. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి మాకు డబ్బుల్లేని టికెట్లు ఇచ్చి, సైకిల్‌కి మాత్రం లగేజీ కట్టాలన్నాడు కండక్టరు. సైకిల్ కూడా అమ్మాయిదేనండి అన్నాను. నవ్వాడు గానీ నలభై రూపాయలు వదల్లేదు. జొన్నాడ వంతెన దాటేటప్పుడు హారిక ఏటి వైపు చూడలేదు, ఫోన్‌లో మలుపుల మ్యాపు చూసుకుంటోంది.

ఆరూ యాభైకి రాజమండ్రి బస్ కాంప్లెక్స్‌లో దిగాం. క్యాంటీన్‌లో రెండు ప్లేట్ల ఇడ్లీ ఎనభై రూపాయలు. ఏడున్నరకి భద్రాచలం బస్సు. ఈ కండక్టరు సైకిల్‌కి నూటపది కొట్టి, వెనక సీటు పక్కన పెట్టుకోనిచ్చాడు. గోకవరం దాటాక రోడ్డు పైకి లేవడం మొదలైంది. రంపచోడవరంలో చింతపండు బుట్టతో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుని, ఆ మూటేంటని అడిగింది. చెప్పాను. కొండ దిగడానికి రెండున్నర వేలు కట్టామనగానే నా మొహంలోకి అనుమానంగా చూసింది.

"మేం రోజూ దిగుతామమ్మా, మాకెవరూ రూపాయి ఇవ్వరే" అంది.

పదీ నలభైకి మారేడుమిల్లి. గది పదిహేను వందలు, ముందే కట్టించుకున్నారు. రోడ్డుకి రెండు పక్కలా బొంగు చికెన్ పొగలే. మేం శాకాహారులం, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరే తిన్నాం. మీరూ ఏదో ఒకటి తెచ్చుకోండి.

పందెం చోటికి వెళ్లాక నాకు సంగతి బోధపడింది. యువతకు ప్రోత్సాహం అని పెద్ద బ్యానరు కట్టారు. దాని కింద బల్ల వేసుకుని వసూలు చేస్తున్నారు. ప్రవేశ రుసుము కాక ఇన్సూరెన్స్ నాలుగు వందలు. ఒంటికి కట్టుకునే కవచం మాకు లేదు, అద్దె ఐదు వందలు. అవి పోనీ అనుకుందాం. ప్రాక్టీసుకి సైకిల్‌ని పైకి చేర్చే జీపుకి ఒక్కో ట్రిప్పు రెండు వందల యాభై. ఎన్ని ట్రిప్పులు కొనుక్కుంటే అన్నిసార్లు దిగొచ్చు. అంటే ఆ దారి ఎవరికి ఎంత తెలియాలో అక్కడే అమ్ముతున్నారు. మా పక్క గదిలో దిగిన బెంగళూరు అబ్బాయి ఆ ఒక్కరోజే పదకొండు సార్లు దిగాడు. వాణ్ణి నేనేమీ అనను, వాడి తప్పేముంది. ప్రతి బిల్లూ హారికకు చూపించి, ఇదేం దోపిడీనే అని గట్టిగానే అన్నాను. అది తల వంచుకుని చక్రాలు బిగించుకుంది.

రెండు గంటలకి మొదటి ట్రిప్పు. నేను మిగతా తల్లిదండ్రులతో రెండో మలుపు దగ్గర నిలబడ్డాను. హారిక కనిపించే ముందే బ్రేకు కీచుమన్న చప్పుడు వినిపించింది. చప్పుడే తప్ప వేగం తగ్గలేదు. మలుపు తిరక్కుండా తిన్నగా వచ్చి వెదురు పొదలోకి పోయింది. పరిగెత్తాను. మోచేయి నుంచి మణికట్టు దాకా గీరుకుపోయింది. ఎముకలు విరగలేదు, అంతే చాలనుకున్నాను.

స్టాల్ దగ్గర మెకానిక్ డిస్కు మీద వేలు పెట్టి వాసన చూసి, దీనికి నూనె రాసిందెవరని అడిగాడు. నేనేనండి, ఇనుము ప్రయాణం కట్టేటప్పుడు మేం అలాగే చేస్తాం అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. బ్రేకు ప్యాడ్లు ఆ బిళ్లని గట్టిగా పట్టుకుంటేనే సైకిల్ ఆగుతుందనీ, నూనె పీల్చిన ప్యాడ్లు జారిపోతాయనీ, ఇక మార్చడం తప్ప దారి లేదనీ చెప్పాడు. మూడు తరాలుగా ఇనుము అమ్ముతున్న ఇంటిదాన్ని, నా కూతురి బ్రేకులు నా చేత్తోనే తీసేశాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండు చక్రాలకి ప్యాడ్లు మూడు వేల రెండు వందలన్నారు. ఫోన్‌లో చూస్తే అవే ప్యాడ్లు సగం ధర. కానీ ఫోన్‌లో ఆర్డరు పెడితే తెల్లారేసరికి కొండ మీదికి రావు, తెల్లారి ఏడింటికే సైకిళ్ల తనిఖీ. నా తప్పు నాది, దాని మీద మీ లాభం ఏమిటని నిర్వాహకుడి దగ్గరికి వెళ్లి అడిగాను. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, మాట మెత్తన.

"ఇది ఖరీదైన ఆటండి. స్థోమత చూసుకుని రావాలండి" అన్నాడు.

"అయితే ఆ బ్యానరు మీద యువత అని ఎందుకు రాశారండి? డబ్బున్న యువత అని రాయించండి" అన్నాను.

నా దగ్గర నాలుగు వేలకు కొంచెం పైన మిగిలింది. ప్యాడ్లు కొన్నాను. తిండికీ తిరుగు ప్రయాణానికీ ఉంచుకుంటే, సాయంత్రం ఇంకొక్క ట్రిప్పుకి మాత్రమే డబ్బులు తీయగలిగాను. హారిక చేతికి కట్టుతోనే దిగింది, ఈసారి చివరి దాకా వచ్చింది. పందేనికి ముందు రెండో మలుపు తర్వాతి దారిని అది చూసింది ఆ ఒక్కసారే.

ఆదివారం తొమ్మిదిన్నరకి దాని వంతు. రెండో మలుపులో దానికన్నా చక్కగా తిరిగినవాళ్లు లేరని పక్కనున్న అపరిచితులే అన్నారు. చివరి మలుపులో ఒకచోట కాలు కింద పెట్టాల్సి వచ్చిందట. నాలుగో స్థానం. మూడో స్థానంతో తేడా రెండు సెకన్ల లోపే. ఇంకొక్క ట్రిప్పు దొరికి ఉంటే, అని అనుకోకుండా ఉండలేను. సైకిళ్లు ముగ్గురికీ ఇచ్చి ఫొటోలు తీస్తుంటే, ఆ ముగ్గురి సొంత సైకిళ్లు అంతకన్నా మంచివి పక్కనే నిలబెట్టి ఉన్నాయి. అది చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. ఈ పోటీలో ఎవరు దిగగలరో చూడలేదు, ఎవరు ఎన్నిసార్లు దిగగలరో చూశారు.

ఒకటింపావుకి రాజమండ్రి బస్సు దొరికింది. సైకిల్‌కి మళ్లీ నూటపది. ఘాట్ దిగుతుంటే, నూనె విషయంలో నన్ను క్షమించమని హారికతో అన్నాను. అది కిటికీ వైపు తిరిగి, నాకు నిన్ననే తెలుసమ్మా అంది.

"నిన్న ఎప్పుడు?"

"చక్రాలు బిగించేటప్పుడే వాసనొచ్చింది."

"మరి చెప్పలేదేంటే?"

"చెబితే కొత్త ప్యాడ్లు కొనాలి కదా. నెమ్మదిగా దిగితే సరిపోతుందనుకున్నాను."

అప్పటిదాకా తెల్ల టోపీ మీదా, జీపు మీదా, మూడు వేల రెండు వందల మీదా పెట్టుకున్న కోపమంతా నా మీదికే తిరిగింది. ప్రతి బిల్లూ దాని ముందు పెట్టి దోపిడీ దోపిడీ అన్నది నేను. నా గొంతు విని, బ్రేకుల్లేవని తెలిసీ అది కొండ మీద నుంచి దిగింది. నిర్వాహకుల్ని నేను క్షమించను. ఇంకెవరైనా అక్కడికి వెళ్తే ఆ జీపు సంగతి నిలదీసి అడగండి. కానీ ఖర్చు వాళ్లు రాసిన రసీదులతో అయిపోలేదు. పిల్లలు నోరు మూసుకుని కట్టేది వేరే ఉంది, దానికి రసీదు ఇవ్వరు.

ఇంకా ఏమేం దాచావో అన్నీ చెప్పమన్నాను. ఒక్క మాట కూడా అననని ఒట్టు పెట్టాను. మొదట ఏమీ లేదంది. రంపచోడవరం దాటాక మొదలుపెట్టింది. హెల్మెట్ ఆరు నెలలుగా బిగుతైపోయింది, దిగాక గంటసేపు తల పోటు. ముందు చక్రం పుల్లల్లో రెండు వదులుగా ఉన్నాయి. బూటు అడుగు ఊడితే కొట్టులో గమ్‌తో అంటించుకుంది. వేసవిలో గట్టు మీద పడినప్పటి నుంచి ఎడమ మణికట్టు వంగదు.

బస్సు గోకవరంలో ఆగింది. అది ఇంకా చెబుతూనే ఉంది.