సంతోషమ్మకు వచ్చిన రెండు భాషలు

ఆదోనిలో స్టేషను దారిన ఉన్న పత్తిమిల్లులో చేరేనాటికి సంతోషమ్మకు ఇరవై రెండేళ్లు. ఎమ్మిగనూరు మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్లయిన మూడో ఏడే భర్త అబ్రహాం కలరాతో పోయాడు. ఊరి బయటి పేట నుంచి వచ్చిన ఆడదాని చదువు ఎవరికి కావాలి? పత్తిలో ఆకూ చెత్తా ఏరే ఆడవాళ్ల వరసలో తనూ కూర్చుంది. అది 1936.

సాయంత్రం మిల్లు వదిలేటప్పుడు పత్తి దాచుకుపోతారేమోనని ఆడవాళ్ల ఒడి తడిమి చూడాలని కాపలా మనిషి జరీన్ ఖాన్‌కు ఉత్తరువు. ఆయన పెషావరుకు ఆవల కొండపల్లె నుంచి వచ్చిన పఠాను. ఏనాడూ ఎవరినీ తాకలేదు. గోడవైపు తిరిగి నిలబడి "జ, జ" అనేవాడు. అందరూ నవ్వుకుంటూ పోయేవాళ్లు. సంతోషమ్మ ఒకనాడు ఆగింది.

"ఖాన్ బాబా, జ అంటే ఏంది?"

"పో అని, బేటీ. మా పష్తో మాట."

అది అచ్చం మన జొన్నలోని జ. బడిలో దొరసాని ఎంత తంటాలు పడ్డా ఆమె నోట పలకని జ. అంతదూరపు కొండల్లో ఆ జ ఉందని తెలిసి సంతోషమ్మకు వింతయింది. మరునాడు ఇంకో మాట అడిగింది. ఆ మరునాడు ఇంకోటి. కూతురిని లూర్ అంటారు. అమ్మను మోర్ అంటారు. అన్నీ తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకుంది. ఏడేళ్లలో ఖాన్ తన ఊరి గొడవలు చెబుతుంటే మాట పోకుండా అర్థం చేసుకునేంత భాష వచ్చింది. ఇంటి దగ్గర బిడ్డను వదిలి వచ్చిన మనిషి, తన భాష ఒక్కరికైనా తెలిసినందుకే ఆమెను లూర్ అని పిలిచేవాడు.

1943లో మిషను నర్సమ్మ కబురు పంపింది. కొల్హాపురం దగ్గర పోలండు దేశపు కాందిశీకులకు శిబిరం పెట్టారు, అక్కడి ఆసుపత్రికి ఆయాలు కావాలి అని. గుంతకల్లులో, హుబ్లీలో బండి మారి సంతోషమ్మ అక్కడికి చేరింది.

అక్కడ హలీనా అనే ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి ఉంది. రష్యా వాళ్లు తరిమితే మంచులో నడిచి, దారిలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. ఆ సంగతి చెప్పడానికి రెండు వేళ్లు చూపించి "ద్వా" అంది.

సంతోషమ్మ చేతిలో గిన్నె అట్లాగే నిలిచిపోయింది. ఖాన్ రెండును కూడా ద్వా అనే అంటాడు.

ఆ రోజు నుంచి ఆమెకు తిండీ నిద్రా ఆ మాటలే. పష్తోలో రెండు గుర్రాలు ద్వా, రెండు ఆవులు ద్వే. పోలండు వాళ్లకు రెండు గుర్రాలు ద్వా, రెండు ఆవులు ద్వ్యె. మనం మనుషులకు ఇద్దరనీ, తక్కినవాటికి రెండనీ వేరు చేస్తాం. వాళ్లు అంకెలో కూడా ఆడా మగా వేరు చేస్తారు. జొన్నలోని జ హలీనా నోటా పలికింది, గుడి గంటకు వాళ్లు చెప్పే మాటలో. అమ్మ అక్కడ మోర్, ఇక్కడ మాట్కా. మంచుకు మాత్రం పొత్తు కుదరలేదు. ఖాన్ వావ్రా అంటాడు, హలీనా శ్నియెగ్ అంది. ఇద్దరూ మంచు దేశాల వాళ్లే కదా, ఆ ఒక్క మాట ఎట్లా విడిపోయిందని ఆమె చాలా రోజులు ఆలోచించింది.

ధైర్యం చేసి ఒకసారి ఆ పుస్తకం శిబిరం డాక్టరుకు చూపించింది. ఆయన రెండు పుటలు తిప్పి, పక్కనున్న నర్సుతో ఇంగ్లీషులో ఏదో అని నవ్వాడు. "మంచం కింది గిన్నెలు కడిగినావా?" అని హిందీలో అడిగాడు. కడిగే ఉన్నాయి. మళ్లీ కడిగింది. ఆ ఏడు వానల్లో హలీనా చనిపోయింది.

శిబిరం ఖాళీ అవుతుంటే, 1947 చివర్లో ఆమె ఆదోనికి వచ్చి పాత మిల్లులోనే చేరింది. ఖాన్ కళ్లకు పొరలు కమ్మినాయి. సముద్రాలకు ఆవల కూడా ద్వా అనేవాళ్లు ఉన్నారని చెబితే ముసలాయన గడ్డం పట్టుకుని పకపకా నవ్వాడు. మళ్లీ చెప్పించుకున్నాడు.

మరుసటి ఏడు హైదరాబాదు గొడవలు ముదిరాయి. తుంగభద్రకు ఆవలివైపు నుంచి రజాకార్లు వస్తారని ఊరంతా బెదురు. కొత్త మనిషి కనబడితే అనుమానం. రజాకార్ల మనుషులని పఠాన్లను పోలీసులు పట్టుకుపోతున్నారు. ఒక పఠాను మంచివాడని చెప్పబోయిన టీ కొట్టు మనిషిని కూడా తీసుకుపోయారు. ఆ తర్వాత మూడో రోజు పగలు పదకొండు గంటలకు మిల్లుకు వచ్చి ఖాన్ పెట్టె తెరిచారు. ఒక జాబు దొరికింది. ఉర్దూ మున్షీని పిలిపిస్తే అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగాడు గాని, ఒక్క మాటకూ అర్థం తెలియదన్నాడు.

"సంతోషమ్మకు ఈయన బాస వస్తాది సామీ" అని వరసలో ఎవరో అన్నారు.

ఇన్‌స్పెక్టరు ఆమెను ముందుకు పిలిచాడు. మున్షీ మళ్లీ చదివాడు. సంతోషమ్మకు ప్రతి మాటా అర్థమైంది. అది ఖాన్ కూతురు రాయించిన జాబు. బావి ఎండింది, మేము పెద్దనాన్న ఊరికి వచ్చేసినాము, నీ కళ్లు పూర్తిగా పోకముందే వచ్చి నా పిల్లల మొహాలు చూసిపో. అంతే ఉంది అందులో.

"ఏం రాసినారు?"

ఆమె నోరు తెరిచింది.

"ఉండు. ఈ బాస నీకెట్లా వచ్చింది? వీడు నీకేమయితాడు?"

మేనేజరు గోవిందయ్య మెల్లగా అన్నాడు. "సంతోషమ్మా, మనకెందుకమ్మా? తెలియకుంటే తెలియదని సెప్పు."

సంతోషమ్మకు టీ కొట్టు మనిషి గుర్తొచ్చాడు. "నాకు రాదు సార్. నేనేదో ఆటకు రెండు మాటలు నేర్చుకుంటి, అంతే."

ఖాన్‌కు సరిగా కనబడదు. గొంతు వచ్చినవైపు తలతిప్పి కాసేపు చూశాడు. వాళ్లు రెక్క పట్టుకుంటే నడిచాడు.

"బలే తప్పించుకుంటివి అక్కా" అన్నారు పక్కవాళ్లు. ఎనిమిదో రోజు, ఖాన్‌ను పెట్టిన జైలుకని బళ్లారి బండి ఎక్కింది. జైలు గేటు దగ్గర జవాను ఏదో కాగితం చూసి, ఆ పఠాన్లందరినీ బొంబాయికి తోలినారు, ఓడలో కరాచీకి పంపిస్తారంట, అన్నాడు. ముసలాయన ఒకడు దారిలోనే పోయినాడని కూడా అన్నాడు. పేరు మాత్రం తెలియదన్నాడు.

"అప్పా, ఆ జాబులో ఏమీ లేదు. ఆయన కూతురు రాసింది. బావి ఎండిందని, కళ్లు పోకముందే రమ్మని..." సంతోషమ్మ మొదటినుంచి చివరిదాకా చెప్పింది.

"ఇప్పుడు సెప్తే ఏం లాభం? మాకెందుకు అయన్నీ. పక్కకు జరుగమ్మా" అన్నాడు జవాను.

ఆమె మిల్లు మానేసింది. ఎమ్మిగనూరులో తమ్ముడు జయరాజు ఇంట్లో ఉంటూ, మగ్గాల వాళ్లకు నూలు చుట్టసాగింది. "అంత దేశం తిరిగినావు, అక్కడి సంగతులు సెప్పక్కా" అని వాడు అడిగితే, రాట్నం చప్పుడులో వినబడనట్టు తల వంచుకునేది.