సంచిలోని స్టాంపు ప్యాడు

ఆ ఊళ్లో నాకు ఏం జరగబోతుందో మా ఆఫీసులో ఒకాయనకు ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఇప్పుడాయన రిటైరయ్యాడు. ఏ పెళ్లిలోనైనా ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తాడు. నేనూ పలకరిస్తాను. మరిచిపోవడం మాత్రం నా వల్ల కాలేదు.

చేవెళ్లలో మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. చూపు మందగించిన ముసలివాళ్లను వెతికి, ఉచితంగా ఆపరేషన్ చేయించడం మా పని. నాతో డిగ్రీ చదివినవాళ్లు మాదాపూర్ కాల్ సెంటర్లకు బస్సులెక్కుతున్న రోజులవి. ఇంగ్లిష్ రాదని ఒక ఇంటర్వ్యూలో నా మొహం మీదే నవ్వారు. అదీ గుర్తుంది. అందుకే ఇక్కడ చేరాను. చేరిన వెంటనే సిటీలో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. చల్లటి గదిలో తెర మీద బొమ్మలు వేసి, ప్రజలను ఎలా కదిలించాలో చెప్పారు. ఊళ్లో బస్సు దిగాక మొదట ఎవరి గడప ముందు నిలబడాలో మాత్రం చెప్పలేదు.

ట్రైనింగ్ ముగిశాక వచ్చిన సోమవారమే మా సీనియర్ నా చేతికి ఒక సంచి ఇచ్చాడు. లోపల ఫారాలు, వేలిముద్రలకు ఒక స్టాంపు ప్యాడు.

"మొయినాబాద్ దిక్కు పో. చిన్న మంగళారం దాటినంక ఊరొస్తది. ముసలోళ్ల ముద్రలు తీస్కొని రా. ఆపరేషన్లు శుక్రవారమే."

"సార్, మొదటిసారి కదా, జర తోడు వస్తరా?"

"నాకెవరు తోడొచ్చిండ్రు? దిగితేనే లోతు తెలుస్తది," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

దారి పొడవునా చేలల్లో సున్నం పూసిన హద్దురాళ్లు నాటి ఉన్నాయి. చెట్ల కింద తెల్ల కార్లు ఆగి ఉన్నాయి. సిటీలో కంపెనీలు పెరిగేకొద్దీ ఇక్కడి భూముల ధరలూ పెరుగుతున్నాయని నాకు తెలుసు. దానికీ నా సంచికీ ఏం సంబంధమో తట్టలేదు.

మొదటి ఇంట్లో, వాకిలి తలుపు లోపలి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. రెండు కళ్లలోనూ తెల్లటి పొర. ఆపరేషన్ అనగానే నా చెయ్యి పట్టుకుంది.

"మనుమరాలు పుట్టి ఏడాదాయె బిడ్డా. దాని మొఖం చూడలె. చేతులతోని తడుముడే."

నేను సంబరపడి ప్యాడు మూత తీశాను. ఆమె బొటనవేలు ఇంకులో అద్దాను. కాగితం మీద నొక్కబోతుండగా కొడుకు పొలం నుంచి వచ్చాడు. తల్లి వేలు చూశాడు, నా చేతిలో కాగితం చూశాడు. అరవలేదు. వెనక్కి వెళ్లి వాకిలి తలుపు గొళ్లెం పెట్టాడు.

"ఏ కంపెనీ మేడం మీది?"

"కంపెనీ కాదన్నా. కండ్ల ఆపరేషన్."

"పోయినేడు వచ్చినోళ్లు పింఛన్ అన్నరు. మా చిన్నబాపుతోని ముద్ర ఏపిచ్చుకున్నరు. రెండెకరాలు పోయినయ్. దాని సుట్టు కట్టిన గా గోడ కనవడుతున్నదా? దాంట్ల ఆయనే ఇప్పుడు వాచ్‌మన్."

అతను పిలిస్తే సందులోంచి ఇంకొందరు లోపలికి వచ్చారు. ఒకతను ఫారం తిప్పి చూశాడు. "ఇంగ్లీష్‌ల ఎందుకున్నది? చదువు మేడం, ఇందాం." రెండు వరుసలు చదివి ఆగిపోయాను. పొడుగు మాటలు నోరు తిరగలేదు. "తెచ్చినోళ్లకే రాదు," అని ఒకామె అంది. ఎవరూ నన్ను ముట్టుకోలేదు. కానీ సర్పంచి వచ్చేదాకా కదలొద్దన్నారు. ఆయన మొయినాబాద్ వెళ్లాడట. దాహం వేసింది, నీళ్లడగడానికి భయం. గొళ్లెం కదిలిన ప్రతిసారీ తలుపు వైపు చూసేదాన్ని. నేను ఏ ఊళ్లో ఉన్నానో మా ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు.

సర్పంచి వచ్చి ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఎత్తింది మాకు వంట చేసే అక్క. ఒకప్పుడు ఈ ఊళ్లలో కాన్పులు చేసింది. ఆమే బస్సెక్కి వచ్చింది. సీనియర్ మీటింగులో ఉన్నాడట.

"తప్పు పిల్లది కాదు, పంపినోళ్లది," అంది వాకిట్లోకి వస్తూనే. "కాయిదాలు మీ దగ్గర్నే పెట్టుకోండ్రి. ఎవలికన్న చూపిచ్చుకోండ్రి."

అప్పుడు గొళ్లెం తీశారు. తిరుగు బస్సులో అక్క నా పక్కన కూర్చుంది.

"మీ సారును గూడ గీ ఊళ్లెనే కూసోవెట్టిండ్రు, గిదే ప్యాడు చూసి. నీకు చెప్పలేదా?"

భయం పోయి కోపం వచ్చింది. మర్నాడు సీనియర్‌ను అడిగేశాను. "చెప్తే నువ్వు నేర్చుకుందువా?" అన్నాడు. నాకు కాలిన చోట నువ్వూ కాల్చుకో అనడాన్ని ఆయన నేర్పడం అనుకున్నాడు.

అక్క అలా అనుకోలేదు. "మొదటిరోజు సంచి తీస్కపోవద్దు. నీళ్లడుగు, తాగు. వాళ్లు అడిగేదాంక కండ్ల మాట ఎత్తకు. కాయిదం వాళ్లే చదవాలె. ముద్ర దవాఖానల, కొడుకు ముందట." గురువారం వంట త్వరగా ముగించి నాతో వచ్చింది. చేతులూపుకుంటూ వెళ్లాం. అవ్వ బొటనవేలు పచ్చిపుండులా ఉంది. ఇంకు పోవాలని రాయితో రుద్దుకుందట. నేను తల దించుకుని నీళ్లు తాగాను. చాలాసేపటికి అవ్వే అడిగింది: "ఆపరేషన్ ఉన్నట్టేనా, పోయినట్టేనా?"

ఫారాన్ని డాక్టరుతో చెప్పించుకుని తెలుగులో రాసుకున్నాను. శుక్రవారం అక్కకు వంట ఉంది, రాలేదు. దవాఖానకు అవ్వ, కొడుకు వచ్చారు. మా ఆఫీసు నుంచి నేనొక్కదాన్నే. నర్సు ప్యాడు తెరవగానే అవ్వ పిడికిలి బిగించింది. కొడుకు గోడకానుకుని చూస్తున్నాడు. లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఇంకోసారి పిలిచారు. ఈమె కాదంటే ఆ పొరలు అలాగే ఉండిపోతాయి, దానికి కారణం నేను.

ప్యాడు, తెలుగులో రాసిన కాగితం తీసి కొడుకు చేతిలో పెట్టాను. అతను కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత ప్యాడు తల్లి ముందు పెట్టి, "కండ్లదే అవ్వా," అన్నాడు.

పిడికిలి మెల్లగా విప్పింది.

కట్టు విప్పిన రోజు ఇంటికి వెళ్లాను. మనవరాలు ఒళ్లో ఉంది. అవ్వ దాన్ని చాలాసేపు చూసి, తర్వాత నన్ను చూసింది.

"నువ్వేనా బిడ్డా ఆనాడొచ్చింది? గింత చిన్నదానివా? నిన్నొక్కదాన్నే ఎట్ల పంపిండ్రు?"

మా ఆఫీసులో ఆ మాట ఎవరూ అడగలేదు. తర్వాత కొత్తగా చేరిన ఎవరినీ నేను ఒంటరిగా పంపలేదు. ఇప్పటికీ బస్సెక్కే ముందు, ప్యాడు ఉందేమోనని వాళ్ల సంచి నేనే తీసి చూస్తాను.