జేబులో ఉండిపోయిన పెన్ను

2023 వానాకాలం. ఆవపల్లి చుట్టుపక్కల ఒక సేవాసంస్థ నడిపే క్లినిక్‌లకు మందులు అందించే సాఫ్ట్‌వేర్‌ను నేను చూసేవాణ్ని. క్లినిక్ పంపిన అర్జీ మొదట మెసేజ్ బ్రోకర్‌కు చేరుతుంది. అది పోస్టాఫీసు లాంటిది: అర్జీని భద్రపరిచి గోడౌన్‌కు అందిస్తుంది. దాన్ని నడిపే సర్వర్ ఒకటి ఆగినా పని ఆగకూడదని రెండు పెట్టాను. రెండింటికీ క్లౌడ్‌లో ఒకే ఉమ్మడి స్టోరేజ్. అందులోని లాక్ ఫైల్ ఎవరి చేతిలో ఉంటే ఆ సర్వరే పనిచేస్తుంది. రెండోది కాచుకుని ఉంటుంది. పదకొండు అంశాల చెక్‌లిస్టు రాసుకుని, అన్నిటికీ టిక్కు పెట్టాను.

ఒక మధ్యాహ్నం బాసగూడ క్లినిక్ పాముకాటు మందు అడిగింది. నాట్లు వేస్తున్న ఒకావిడను పాము కరిచింది. అక్కడున్న సీసాలు మొదటి మోతాదుకే సరిపోయాయి. అర్జీ స్టోరేజ్‌లో పడిన కాసేపటికే, గోడౌన్‌కు అందకముందే, మొదటి సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. రెండోది లేవలేదు.

గోడౌన్ చూసే ముత్తక్క ఫోన్ చేసింది. “ఏంది తమ్మీ, నీ డబ్బా సప్పుడు చేస్తలేదు? వానల ఎవ్వలూ ఏం అడగకుంట ఉండరు.”

“చూస్తున్నా అక్కా.”

“తీరికగా చూస్కో. బాసగూడ నర్సుకు నేనే ఫోన్ కొట్టిన. మందు బైక్ మీద పోయింది.”

ఆవిడ బతికింది. అది నా చెక్‌లిస్టు పుణ్యం కాదు.

రెండు రోజుల తర్వాత గోడౌన్‌కు వెళ్లాను. స్టాక్ రిజిస్టర్‌కు దారంతో ఒకే పెన్ను కట్టి ఉంది. ఎందుకని అడిగాను.

“పెన్ను ఎవలి చేతుల ఉంటే వాళ్లే రాయాలె. మునుపటి గుమస్తా దాన్ని జేబుల పెట్టుకొని పోయి దవాఖానల పడ్డడు. నాలుగు దినాలు రాసుడు బంద్.”

“ఇంకో పెన్ను లేదా?”

“ఉన్నది. ఆయన వస్తడని కూసున్నరు, బుద్ధిమంతులు.”

నా రెండో సర్వర్ కూడా అలాంటి బుద్ధిమంతుడే. ఫైళ్లు పంచుకునే పద్ధతి అయిన ఎన్ఎఫ్ఎస్ మూడో వెర్షన్‌తో స్టోరేజ్‌ను సర్వర్లకు కలిపాను. అందులో లాక్ పట్టుకున్న సర్వర్ హఠాత్తుగా పోతే, లాక్ దాని పేరునే ఉండిపోవచ్చు. నాలుగో వెర్షన్‌లో లాక్ గడువు మీద ఇస్తారు. గడువులోగా పొడిగించుకోకపోతే వెనక్కి పోతుంది. అదే దారం.

నాలుగో వెర్షన్‌కు మార్చి, ముత్తక్క ముందే మొదటి సర్వర్‌ను ఆపేశాను. ఆమె గోడ గడియారం చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాల్లోపే రెండోది లేచింది.

“దీనికి సుత దారం కట్టినవన్నట్టు,” అంది.

లాక్ ఎలా తీసుకోవాలో పదకొండు రకాలుగా పరీక్షించాను గానీ, పట్టుకున్నవాడు తిరిగి రాకపోతే ఏమవుతుందని అడగలేదు. ఇప్పుడు నా చెక్‌లిస్టులో పన్నెండో అంశం ఉంది: ‘పెన్ను ఎవరి జేబులో ఉంది?’ కొత్తగా చేరినవాళ్లు ఇదేమిటని అడిగితే ముత్తక్క నంబరు ఇస్తాను.