మసికంఠుడి ఎడమ కనుబొమ్మ

మంగళవారం పొద్దున అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య వెళ్ళిపోయారే. కృష్ణలో కలిపేసినా వాడు వదల్లేదే," అంది. ఆ వాడెవడో చెప్పాలంటే ముందు మా మావయ్య ఎవరో చెప్పాలి.

మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, బొమ్మలేసేవాడు. మైలవరం నుంచి వచ్చి, గవర్నర్‌పేటలో షాపుల బోర్డులు రాస్తూ, ఒక పిల్లల పత్రికకి బొమ్మల కథ గీసేవాడు. అందులో రాక్షసుడు మసికంఠుడు. లోకంలో పొగంతా మింగి గొంతు నల్లబడినవాడు, నోరు తెరిస్తే మసి రాలేది. మీలో నలభై దాటినవాళ్ళు వాడికి భయపడి దుప్పటి ముసుగేసుకునే ఉంటారు. ఆ కథలో రాజకుమారుడి పేరు నాకే గుర్తులేదు, వాణ్ణి మాత్రం మర్చిపోలేదు. పత్రికలో మావయ్య పేరు ఏనాడూ వేయలేదు. తర్వాత ఆ పత్రికా మూతపడింది.

గుణదలలో వాళ్ళ వసారాలో గడ్డం గీసుకునే అద్దం ఒకటి మేకుకి వేలాడేది. దాని ముందు కూర్చుని, పళ్ళు బయటపెట్టి, ఎడమ కనుబొమ్మ నుదుటి మీదికి ఎగరేసి, ఆ మొహం చూసుకుంటూ గీసేవాడు. కుడి కనుబొమ్మ అసలు కదిలేది కాదు. మేం పిల్లలం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. "దేవుణ్ణి ఎవడైనా గీస్తాడే, కేలండర్ చూసి. రాక్షసుడికి మనమే మోడలు," అనేవాడు. లోపల్నుంచి అత్తయ్య, "ఆ మొహం అలాగే ఉండిపోద్ది, తథాస్తు దేవతలుంటారు," అని కేకేసేది. "ఉండనీవే, రోజూ అద్దం చూసే పని తప్పుద్ది," అనేవాడు.

మసికంఠుడు టీవీ సీరియల్‌గా వచ్చినప్పుడు వీధంతా వాళ్ళింట్లోనే చూశాం. వాడికి దూది మీసం అంటించి, పొట్టకి దిండు కట్టారు. మావయ్య కాసేపు ఓపిక పట్టి, "వీడు రాక్షసుడేంట్రా, రెండో బంతికి కూడా పిలవని పెళ్ళికొడుకు మేనమామలా ఉంటేనూ!" అన్నాడు. నవ్వాడు గానీ, ఆ వేళ అన్నం సరిగ్గా తినలేదు.

కిందటేడు గొంతు క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి మాట తీసేశారు. మా ఇంట్లో అన్ని కబుర్లూ చెప్పే మనిషి పలక మీద రాసి చూపించడం మొదలుపెట్టాడు. అప్పుడే పక్కింటావిడ అత్తయ్యతో అంది: "గొంతులో మసున్న వాణ్ణి ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకుంటే ఊరుకుంటాడా అమ్మా?"

అత్తయ్య చదువుకోని మనిషేం కాదు. కానీ భర్త కళ్ళముందు చిక్కిపోతుంటే ఎవరు ఏం చెప్పినా వినాలనిపిస్తుంది. మావయ్య ఆసుపత్రిలో ఉండగా ఆయన బొమ్మలు దాచుకున్న పెట్టె తెరిచి, మసికంఠుడి అసలు బొమ్మలన్నీ తీసింది. పాతబడ్డ దేవుడి పటాల్ని చెత్తలో వేయం కదా, నదిలో కలుపుతాం. వీడికీ ఆ మర్యాదే చేసింది. కొత్త పంచెలో చుట్టి, పసుపు కుంకుమ పెట్టి, కృష్ణ ఘాట్‌కి వెళ్ళి, "మా ఆయన్ని వదిలిపెట్టి పో నాయనా," అని దణ్ణం పెట్టి వదిలేసింది.

ఆ తర్వాత తెలిసింది, మసికంఠుడి మీద పెద్ద సినిమా తీస్తున్నారని. పత్రిక వాళ్ళ దగ్గర హక్కులు కొన్నారట. మావయ్యకి ఒకటే ఆశ పుట్టింది, తెర మీద తన పేరు ఒక్కసారి పడాలని. మాటలేని మనిషి కాబట్టి సినిమా వాళ్ళకి ఫోన్ నేను చేశాను. "ఒరిజినల్స్ ఉంటే పంపండి మేడమ్, టైటిల్స్‌లో పేరు వేయిస్తాం. ఊరికే మావే అని చాలామంది అంటారు," అన్నారు.

మావయ్య పరుగున వెళ్ళి పెట్టె తెరిచాడు. పెట్టెలో ఒక్క కాయితం కూడా లేదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పింది. అరవడానికి ఆయనకి గొంతు లేదు. పెట్టె మూత మెల్లగా దించాడు. తర్వాత పలక మీద రాసి నాకు చూపించాడు: "చెదలు తిన్నాయని చెప్పు." అత్తయ్య పేరు బయటికి రానివ్వలేదు.

మళ్ళీ గీయాలని చూశాడు. సెలైన్లు ఎక్కించి వాచిన చెయ్యి. గీత గీతకీ వణుకు. అద్దం ముందు కూర్చుని కనుబొమ్మ ఎగరేస్తే చెంప మీదికి నీళ్ళు కారేవి. ఫొటోలు తీసి పంపాను. "ఇవి ఇప్పుడు గీసినవి కదా మేడమ్," అని జవాబొచ్చింది. ఆ మెసేజ్ ఆయనకి చూపించలేక, "చూస్తున్నారట మావయ్యా," అన్నాను. ఆయన రోజూ నా ఫోన్ వంక చూసేవాడు. ట్రైలర్ వచ్చాక ఒకటికి పదిసార్లు వేయించుకున్నాడు. రాక్షసుడు తెర నిండా వచ్చిన ప్రతిసారీ వేలితో తన కనుబొమ్మ తాకి చూపించేవాడు. నాదే, నాదే అని.

సినిమా విడుదలకి వారం ముందు పోయాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళి చూశాను. చివర్లో పేర్లు చాలాసేపు పడ్డాయి. టీ ఇచ్చినతని పేరు కూడా ఉంది. ఉండాలి కూడా. మావయ్య పేరు లేదు. హాల్లో లైట్లు వేసి ఊడుస్తున్నా లేవలేకపోయాను. ఇంత అన్యాయాన్ని ఎవరి ముందు పెట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

కర్మ అయ్యాక అత్తయ్యని తీసుకుని గవర్నర్‌పేట వెళ్ళాను, ఫొటోకి ఫ్రేము కట్టించడానికి. అందర్నీ గీసినవాడు తను ఫొటో దిగలేదు. ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేయించాం. అందులో ఎవరో కోప్పడితే బిగుసుకుపోయినట్టున్నాడు. "ఈయన మీ మావయ్య కాదే," అంది అత్తయ్య.

తిరిగి ఆటో ఎక్కబోతూ ఆగిపోయింది. ఎదురుగా గోడ మీద మసికంఠుడి పోస్టరు. పళ్ళు బయటపెట్టి, ఎడమ కనుబొమ్మ నుదుటి మీదికి ఎగరేసి. కుడిది కదల్లేదు.

"రేపు శుక్రవారం కదూ?" అంది. కొత్త సినిమా వస్తుంది, దీని మీద ఇంకో పోస్టరు పడుతుంది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి గోడ మీద పోసి, గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. జనం ఆగి చూస్తున్నారు. నేనూ చెయ్యి కలిపాను.

ఆటో అతను దిగొచ్చి, "ఎవరండీ, తెలిసినవాళ్ళా?" అన్నాడు.

"మా ఆయనండీ," అంది అత్తయ్య.

కోరలు చిరిగిపోయాయి, కిరీటం చిరిగిపోయింది. ఎడమ కనుబొమ్మ ఒక్కటే ముక్కగా ఊడొచ్చింది. ఫ్రేము నా ఒళ్ళో పెట్టి, గుణదల వచ్చేదాకా అత్తయ్య ఆ తడి కాయితాన్ని అరచేతిలో పరుచుకుని, ఆరడానికి నోటితో ఊదుతూనే ఉంది.