చివరిదాకా చూశాను

నేను ఆ కుస్తీ చివరిదాకా చూడలేదని చెప్పి నా అభిప్రాయం తీసేశారు. చూశాను. ముప్పై ఒక్క నిమిషాల కుస్తీ, గంట మోగాక ఇంకో ఆరు నిమిషాలు, కుర్చీలోంచి లేవకుండా చూశాను. చూడనివాళ్ళు రాసినవి మాత్రం ఇవాళ్టికీ అక్కడ అలాగే ఉన్నాయి.

అక్కడ అంటే మా ఫోను గ్రూపులో. కెనడాలో ఉంటూ జపాన్ వాళ్ళ కుస్తీలు చూసే తెలుగువాళ్ళం ఇరవై ముగ్గురం ఉన్నాం. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మాంట్రియల్‌లో చదువుకునే పిల్లలున్నారు, కాల్గరీలో నేనూ మా వీధి చివరింటాయనా ఉన్నాం. గ్రూపు నడిపేది ఒషావాలో ఉండే ఒక నర్సమ్మ. మా కోస్తావైపు మనిషే. నేను ఆమె ముఖం చూడలేదు. అందరికీ ఆమె అడ్మిన్ గారు. కుస్తీ చూసినవాళ్ళు ఐదుకు ఎన్ని మార్కులో వేసి నాలుగు ముక్కలు రాస్తే, ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె సగటు తీసి ప్రకటిస్తుంది.

రాసిన నాలుగు ముక్కల కింద 'చివరిదాకా చూశాను' అని ఉండాలి. లేకపోతే ఆ మార్కు లెక్కలోకి రాదు. ఈ నియమం పెట్టించింది ఎవరనుకున్నారు? నేనే. రైల్లో నిలబడి అరనిమిషం ముక్క చూసి, దిగేలోపు ఐదు వేసేసే జనాన్ని చూసి ఒళ్ళు మండి, పోట్లాడి పెట్టించాను. అదే నియమంతో నన్ను బయట పెట్టారు.

ఎవరు గెలవాలో జపాన్ వాళ్ళు ముందే అనుకుని వస్తారని నాకూ తెలుసు. దెబ్బలు మాత్రం దాదాపు నిజమైనవే. మోచేత్తో దవడ మీద, అరచేత్తో రొమ్ము మీద కొట్టుకుంటారు, చర్మం కమిలి ఎర్రగా తేలుతుంది. అక్కడి జనం మనలాగా ఈలలు వెయ్యరు. ఒద్దికగా కూర్చుంటారు కనుక ఆ చప్పుడు చివరి వరసదాకా వినబడుతుంది. నన్ను పట్టుకున్నది ఆ చప్పుడే.

నా చదువు ఐదో తరగతి. ఆ పైన నేర్చుకున్నదంతా సినిమా హాలు ఆపరేటరు గదిలోనే. రీలు డబ్బాల మీది చీటీలు చదివి ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నాను, పాత పేపర్లు చదివి మాటలు కూడబెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు, వచ్చిన ప్రతి బొమ్మనూ రోజుకు నాలుగాటలు చూసిన కళ్ళివి. ఎక్కడ అతుకు వేశారో, ఏ ముక్క రెండుసార్లు చూపిస్తున్నారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఆ కుస్తీ. ఒకాయన నల్ల నిక్కరు, నలభై దాటినవాడు, గోడలాంటి మనిషి. రెండోవాడు తెల్ల బూట్ల కుర్రాడు. ఇరవై ఆరో నిమిషంలో ఇద్దరూ తలతో తలను ఢీకొట్టుకున్నారు. ఒకసారి. కాస్త ఊపిరి పీల్చుకుని రెండోసారి. ఆ రెండోదానికి వచ్చిన చప్పుడు చెక్క మీద చెక్క పడ్డట్టు ఉంది. తెల్ల బూట్లవాడు వెల్లకిలా పడ్డాడు. కుడిచెయ్యి గాల్లోకి లేచి, తలుపు తొయ్యబోతున్నవాడిలా అలాగే నిలిచిపోయింది. పక్కనే ఉన్న రిఫరీ వంగి, తెలివి ఉందో లేదో చూడ్డానికి ఆ చెయ్యి పట్టుకుని నొక్కాడు. నల్ల నిక్కరాయన ఏం చేశాడో తెలుసా? కొట్టడం మానేశాడు. పట్టు వేస్తున్నట్టు మీద పడుకుని చెవిలో ఏదో చెప్పాడు. ఆ తర్వాతి ఐదు నిమిషాలూ ఇద్దరి కుస్తీ ఆయన ఒక్కడే చేశాడు. గంట మోగాక గెలిచినవాడు చెయ్యి ఎత్తలేదు. పక్కన చతికిలబడి కుర్రాడి మెడ కింద అరచెయ్యి పెట్టాడు. ఆరో నిమిషంలో కుర్రాడు లేచాడు. వచ్చిన దారి కాకుండా ఎదురు దారి పట్టబోతే భుజం పట్టుకుని తిప్పారు. నడిచే వెళ్ళాడు.

గ్రూపులో ఇలా రాశాను: "రెండో తల దెబ్బతో కుర్రాడికి స్పృహ పోయింది. ఆ చెయ్యి చూడండి. అక్కడే ఆపాల్సింది. ఐదుకు ఒకటి. ఆ ఒకటి కూడా కుర్రాణ్ణి మోసుకొచ్చిన పెద్దాయనకు. చివరిదాకా చూశాను."

ఇక చూడాలి.

"అంకుల్, దాన్ని సెల్లింగ్ అంటారు. తగలకపోయినా తగిలినట్టు చెయ్యడం."

"తాతగారూ, కళ్ళజోడు పెట్టుకునే చూశారా?"

"భోంచేసి కూర్చుని ఉంటారు, మధ్యలో కునుకు పడుంటుంది. కునుకుకి ఎన్ని మార్కులండీ?"

మర్నాడు పొద్దున చూస్తే నా రాత లేదు. దాని చోట ఒక్క వాక్యం: "పూర్తిగా చూడనివారి అభిప్రాయం పరిగణించబడదు. అడ్మిన్." ఆదివారం ఫలితం వచ్చింది. ఐదుకు ఐదు. గ్రూపు పుట్టాక మొదటిసారి అందరిదీ ఒకటే మాటట. చప్పట్లే చప్పట్లు.

నాకు అనుమానం అక్కడే మొదలైంది. అడ్డొచ్చిన ఒక్క మార్కునూ తీసేసి అందరిదీ ఒకటే మాట అంటే అది ఏం మాట? ఒక నోటు పుస్తకం తీసుకుని ప్రతివాడి రాతా ఎక్కించాను. "తాతా, జస్ట్ లీవ్ ద గ్రూప్," అంది మనవరాలు. నేను వినలేదు. సాయంత్రానికి దొరికింది. పదకొండు మంది 'మూడో తల దెబ్బ' అద్భుతమని రాశారు. నేను చూసిన కుస్తీలో ఉన్నవి రెండే.

మూడోది ఎక్కడిది? ఫోనుల్లో తిరుగుతున్న ముక్క తెప్పించి చూశాను. రెండో దెబ్బ చూపించిన వెంటనే అదే దెబ్బను అవతలి కెమెరా నుంచి మళ్ళీ చూపించారు. మొదటిదానిలో రిఫరీ ఎడమ పక్కనుంటాడు, తర్వాతిదానిలో కుడి పక్కన. ఒకే దెబ్బను రెండుగా లెక్కపెట్టారు మహానుభావులు. అంటే అసలు కుస్తీ చూడనేలేదు. చూడకుండానే పదకొండు మందీ 'చివరిదాకా చూశాను' అని సంతకం పెట్టినట్టు రాశారు.

పుస్తకం పట్టుకుని, మంచు తొక్కుకుంటూ వీధి చివరింటికి వెళ్ళాను. ఆయనది తెలంగాణ. ఆయిలు కంపెనీలో కంప్యూటరు ఉద్యోగం. నన్ను ఆ గ్రూపులో చేర్చింది ఆయనే. మూడో దెబ్బ గురించి అందరికన్నా పొడుగ్గా రాసిందీ ఆయనే.

"ఏంది అంకుల్, దీనికోసం ఇంత చలిల వచ్చిన్రా? ఫోన్ చేస్తే అయిపోవు గదా."

"టీవీ పెట్టు. ఇరవై ఆరో నిమిషం. దెబ్బలు లెక్కపెట్టు."

పెట్టాడు. వేలు ముడిచాడు, రెండో వేలు ముడిచాడు. మూడో వేలు తెరిచే ఉంది. టీవీలో పెద్దాయన కుర్రాడి మీద పడుకుని ఉన్నాడు.

"రెండే ఉన్నయ్."

"మరి చివరిదాకా చూశానని రాశావే?"

"అందరు రాస్తున్నరు గదా అని రాసిన. ఆఫీసుకు పోతు రైల్ల క్లిప్పు చూసిన, అదే అనుకున్న." టీ కప్పు నా ముందు పెట్టి, "అయినా అంకుల్, గది యాక్టింగ్ కావొచ్చు గదా? మీకెట్ల తెలుసు?" అన్నాడు.

ఎలా తెలుసో చెప్పాను. నా ఇరవయ్యో ఏట మా ఊరి ఎగ్జిబిషన్ మైదానానికి ఫ్రీస్టైలు కుస్తీ వాళ్ళు వచ్చారు. ఒక వస్తాదు తాళ్ళ మీదినుంచి తలకిందులుగా పడి, చెయ్యి గాల్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. ఏం నటించాడురా అని మైదానమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను. మర్నాడు పొద్దున హోటల్లో నా పక్క బల్ల దగ్గర ఆ వస్తాదు టీ తాగడానికి కూర్చున్నాడు. కప్పులోంచి సాసరులోకి పోసుకోబోయి బల్ల మీద పోసుకున్నాడు. మళ్ళీ పోసుకున్నాడు, మళ్ళీ బల్ల మీదే. చుట్టూ ఉన్నవాళ్ళు అదీ నటనే అనుకుని నవ్వారు. నేను నవ్వలేదు. ఆ టీ బల్ల అంచు నుంచి అతని పంచె మీదికి కారుతుంటే అతనికి తెలియడం లేదు.

ఆయన టీవీ ఆపేశాడు.

"అయితే నీ రాత తీసెయ్యి," అన్నాను.

"ఇప్పుడు తీసేస్తే గ్రూపుల నా ఇజ్జత్ పోతది అంకుల్. మీరు పెద్దోళ్ళు, అడ్మిన్ మేడమ్‌ని అడగున్రి."

ఇంటికొచ్చి అడ్మిన్ గారి రాత ఇంకోసారి చదివాను. అప్పుడు ఇంకో సంగతి పట్టుబడింది. ఆమె మూడో దెబ్బ అనలేదు. 'ఆ రెండో దెబ్బ గురించి ఏం చెప్పను!' అని రాసింది. అంటే క్లిప్పు కాదు, అసలుదే చూసింది. దెబ్బలు రెండేనని ఆమెకు తెలుసు. మరి పదకొండు మంది అబద్ధాలు అక్కడుంచి నా ఒక్కడి నిజం ఎందుకు తీసేసింది? తెలియక తీసేస్తే పొరపాటు. తెలిసి తీసేస్తే ఏమనాలి? ఇంకోటి. రెండో దెబ్బ తర్వాత జరిగినదాని గురించి ఆమె ఒక్క ముక్క కూడా రాయలేదు. మిగిలిన పదకొండు నిమిషాలూ ఏమైనట్టు?

ఆమెకే నేరుగా రాశాను. పదకొండు మంది మాటలూ దింపాను, రిఫరీ ఎటు ఉన్నాడో రాశాను. చివర ఇలా అడిగాను: "అమ్మా, నేను చూడలేదని మీకు ఎవరు చెప్పారు? మీరు ఎక్కడిదాకా చూశారు?"

నాలుగు రోజులు జవాబు లేదు. చదివినట్టు మాత్రం గుర్తు పడింది. ఆ నాలుగు రోజుల్లో నేను అనుకోనిది లేదు. తెల్ల బూట్లవాడంటే ఆమెకు అభిమానమని, ఐదుకు ఐదు వస్తే గొప్పగా చెప్పుకోవాలని చూస్తోందని, చివరింటాయన ముందే ఫోను చేసి చెప్పేశాడని, ఇద్దరూ కలిసి నన్ను గ్రూపులోంచే తీసేస్తారని. పొద్దున లేస్తూనే గ్రూపు ఉందో లేదో చూసుకునేవాణ్ణి.

ఐదో రోజు మధ్యాహ్నం వచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా దింపుతున్నాను:

"అంకుల్ గారూ, ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి, వరసగా డ్యూటీలు పడ్డాయి. మీ అభిప్రాయం తిరిగి పెట్టాను, చూసుకోండి. మీరు అడిగినదానికి జవాబు: రెండో దెబ్బదాకానే చూశాను. ఆ చెయ్యి అలా లేచిందే, అక్కడ ఆపేశాను. మా ఎమర్జెన్సీలో అలాంటి చేతులు చూస్తూనే ఉంటాను, ఇంటికొచ్చి కూడా చూడలేకపోయాను. అందరూ ఐదు వేస్తుంటే నేనూ వేసేశాను. మీరేమో సరిగ్గా ఆ చెయ్యి గురించే రాశారు. 'మీరు నర్సు కదా, అవునా కాదా చెప్పండి' అని ఎవరైనా నన్ను అడుగుతారని భయమేసి తీసేశాను. మీరు చూడలేదని నాకెవరూ చెప్పలేదు, నేనే కల్పించాను. తప్పే. నా ఐదు కూడా తీసేశాను. ఒక్కటి చెప్పండి అంకుల్. క్లిప్పుల్లో ఎక్కడా అది లేదు, వెనక్కి వెళ్ళి చూసే ధైర్యం నాకు లేదు. ఆ అబ్బాయి లేచాడా?"