ఎర్ర రొయ్య బొమ్మ కవరు

నా చిన్నప్పుడు మా అమ్మ ఎండు రొయ్యలను పాత పేపర్లలో పొట్లాలు కట్టి వీధుల్లో అమ్మేది. సముద్రం ఒడ్డున మావన్నీ వేట మీద బతికే ఇళ్లు. నాన్న బోటు మీద తెచ్చిన రొయ్యలను అమ్మ ఇసుక తగలకుండా పాత వల మీద పరిచి ఎండబెట్టేది. కాగితంలో సరుకు మెత్తబడిపోతోందని, ప్లాస్టిక్ కవర్లలో వేసి తెస్తే తన దగ్గర పెట్టుకుంటానని మద్దిలపాలెంలో ఒక కొట్టాయన అన్నాడు. అమ్మ ఎర్ర రొయ్య బొమ్మతో కవర్లు అచ్చు వేయించింది. రాత్రిళ్లు కొవ్వొత్తి మంట మీద వాటి అంచులు అంటించేవాళ్లం. కొన్నాళ్లకే ఆ బొమ్మ చాలా కొట్ల ముందు వేలాడింది. బస్సులోంచి కనబడితే, అది మా అమ్మదేనని పక్కనున్నవాళ్లకు చెప్పాలనిపించేది.

ఒక వానాకాలం వాగులూ గెడ్డలూ పొంగి, ఊళ్లోని చెత్తంతా సముద్రంలోకి కొట్టుకొచ్చింది. ఆ రోజుల్లోనే ఒకనాడు మధ్యాహ్నానికి రావలసిన పక్కింటి మావయ్య బోటు రాలేదు. గాలి పెరిగింది. అత్త ఒడ్డున నిలబడిపోయింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆవిడ చంటిపిల్లను అమ్మ ఎత్తుకుని పక్కనే నిలబడింది. చీకటి పడే ముందు ఇంకో బోటు మావయ్య బోటును తాడుతో లాక్కొచ్చింది. బోటు కింద తిరిగే ఫ్యానుకు ప్లాస్టిక్ చుట్టుకుని ఇంజను ఆగిపోయిందట. మావయ్య నీళ్లలోకి దిగి దాన్ని కోస్తుంటే, కెరటానికి బోటు వచ్చి తగిలి భుజం విరిగింది.

కోసి తీసిన ఆ ప్లాస్టిక్ ముద్దను ఎవరో ఇసుకలో పడేశారు. అందరూ మావయ్య చుట్టూ మూగారు. అమ్మ మాత్రం ఆ ముద్ద దగ్గర కూర్చుని పొరలు విడదీసింది. బురద కింద ఎర్రటి తోక కనబడింది. నేనూ అమ్మా తప్ప ఎవరూ చూడలేదు. ఇంటికి పోదామని అమ్మ చెంగు లాగాను.

మావయ్యను ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు, అమ్మ తను దాచి ఉంచిన ఆ కవరు ముక్కను కడిగి వాళ్లింటికి పట్టుకెళ్లింది.

“నా కవరే వదినా ఇది. అన్నయ్యకిలాగైనాది నా వల్ల కూడా.”

అత్త ఆ ముక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “నీదొక్కటేనేటి అందులో? ఊరందరియీ ఉన్నాయి,” అంది చివరికి.

“ఊరందరి సంగతీ నాకు తెల్దు. నాది నాకు తెలిసిపోనాది కదా.”

అత్త ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ పొయ్యి మీద అన్నం చూసుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది. మేము కాసేపు నిలబడి వచ్చేశాం.

తర్వాత అమ్మ కవర్లు మానేసి, నన్ను వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్లింది. అక్కడ పాత అట్టపెట్టెలు నానబెట్టి, గుజ్జు చేసి, మళ్లీ అట్టలు తయారుచేసే చిన్న కార్ఖానా ఉండేది. అమ్మ ఒక్కో అట్టనూ వాసన చూసింది. “ఈటిలో ముందు ఏటుండేది బాబూ?” అని అడిగి, రంగుల వాసనా మందుల వాసనా తగిలినవి పక్కన పెట్టించింది. మిగతావాటితో పెట్టెలు చేయించి, రొయ్యలకు అట్ట తగలకుండా లోపల విస్తళ్లు కుట్టే అడ్డాకులు పరిచింది. కొట్టాయన మొహం చిట్లించాడు. కొన్ని కొట్లవాళ్లు సరుకే వద్దన్నారు. వానల్లో ఆ పెట్టెల్లోనూ రొయ్యలు మెత్తబడేవి. ఆ నెలల్లో అమ్మ కొట్లకు వేయడం మానేసి మళ్లీ గంప ఎత్తుకుని వీధుల్లో తిరిగింది. వానలకైనా కవర్లు వాడొచ్చు కదా అని నాన్న అంటే, “గెడ్డలు పొంగేది వానల్లోనే కదా,” అంది.

మావయ్య చెయ్యి మళ్లీ పూర్తిగా పైకి లేవలేదు. అత్త మాతో మునుపటిలా మాట్లాడడానికి చాలాకాలం పట్టింది. అమ్మ తొందరపెట్టలేదు.

ఇప్పుడు ఆ వ్యాపారం నాది. ప్యాకింగ్ నమూనాలు తెచ్చి నా ముందు పరిచినప్పుడు, నా చెయ్యి ముందు మెరిసే ప్లాస్టిక్ మీదకే వెళ్తుంది. వెనక్కి తీసుకుంటాను. మాకు ఆనాడు దొరికింది ఒక్క కవరే. మేము అంటించిన మిగతావన్నీ చిరగకుండా, కుళ్లకుండా సముద్రంలో ఎక్కడో ఉండే ఉంటాయి. ఏదో ఒక బోటు ఇంకా ఒడ్డుకు రాలేదని వినబడితే, ఆ ఇంటివాళ్ల మొహం చూడడానికి ఈనాటికీ నాకు ధైర్యం చాలదు.