ఒక్క మనిషి పట్టే షత్రంజి

కోట గేట్లు మూతపడింది 2020 మార్చి 17, మంగళవారం. వరంగల్ కోటలో రాతి తోరణాలు చూడటానికి వచ్చే వాళ్ళ మీదే మా బతుకు. బస్సులు ఆగే చోట మా దుకాణం. అందులో ఒకటే సరుకు, తోరణం బొమ్మ నేసిన చిన్న షత్రంజీలు, అంటే నూలు జంపఖానాలు. వాటిని గోడకు వేలాడదీసుకోవడానికి కొనేవాళ్ళు. మా ఆయన పోయినప్పటి నుంచి ఇంటి ముందుగదిలో మా మరిది నేస్తాడు, దుకాణం నేను చూసుకుంటాను.

ఆ వేసవిలో ఒక్క బస్సూ రాలేదు. తోరణాల దగ్గర ఫొటోలు తీసే అతను ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోయడానికి పోయాడు. వానలు మొదలయ్యేసరికి మా మరిది కూడా సుబేదారిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా మాట్లాడుకుని వచ్చాడు. వచ్చే నెల మొదటి సోమవారం చేరాలి. అతను పోతే మగ్గం పోయినట్టే. కండెలు చుట్టడం, నిలువు పోగుల పడుగు అతకడం నాకు వచ్చు కానీ, నేసే చెయ్యి అతనిదే.

“పడుగు కోసేస్త వదినా” అంటూ కత్తి పట్టుకున్నాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతాం. మగ్గాన్ని ఖాళీగా వదలం. అతకకుండా కోశారంటే ఆ ఇంట్లో నేత ముగిసిందని అర్థం.

“ఉన్న పడుగు నెయ్యి. ఆ తర్వాత నీ ఇష్టం.”

“నేసి ఎవలకు అమ్ముతవ్? తోరణాలకే అమ్ముతవా?”

దానికి జవాబు నెక్కొండ వైపు నుంచి వచ్చింది. మాకు ఏటా బియ్యం ఇచ్చే రైతు ఇంటామె మూతికి కొంగు చుట్టుకుని గడప బయటే నిలబడింది.

“అక్కా, మా ఇంట్ల అందరం ఒక్క పెద్ద షత్రంజి మీదనే పండేటోళ్ళం. ఇప్పుడు ఎవలి పక్క వాళ్ళకు వేరే ఉండాలంటాండ్రు. ఒక్క మనిషి పట్టేటియి ఉన్నయా?”

మా మగ్గం వెడల్పు మూడడుగులు. పొడవు ఆరడుగులు నేస్తే సరిగ్గా ఒక మనిషి. బొమ్మ అక్కర్లేదు, చారలు చాలు.

మరిది మొదటిది తొందరగా మొదలుపెట్టాడు. జానెడు నేశాక వేలితో నొక్కి చూశాను. అడ్డపోగు, పేక, కదిలింది.

“విప్పు” అన్నాను.

“పండుకునేటందుకే గదా వదినా! పండుకున్నోడు పోగులు లెక్కపెడతడా?”

“గోడకున్నదాన్ని ఎవ్వలు తొక్కరు. దీన్ని రోజు తొక్కుతరు, ఉతుకుతరు. ఇదే గట్టిగుండాలె. విప్పు.”

“కరోనానన్నా ఇడుస్తది గని నువ్వు ఇడువవు” అని గొణుగుతూ విప్పాడు. రెండోసారి పేకను బిగించే పంజాతో ఎంత గట్టిగా కొట్టాడంటే, నొక్కి చూస్తే నా వేలే నొప్పి పెట్టింది. బాగుందని అనలేదు, తలూపాను. మా ఇంటి నుంచి వదులు నేత ఒక్కటీ బయటికి పోలేదు. ఆ మాట ఎవరి ముందైనా చెప్పగలను.

నెక్కొండ ఆమె తీసుకుపోయినవి చూసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా అడిగారు. పాత పడుగు అయిపోవస్తుంటే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కొత్తది అతికాం. అంతసేపూ అతను సోమవారం మాట ఎత్తలేదు.

సోమవారం పొద్దున తెల్లచొక్కా తొడుక్కుని, భుజాన రెండు షత్రంజీలు వేసుకుని సుబేదారికి బయలుదేరాడు. ఆపలేదు. నా చేతనైంది నేను చేశాను. మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగి వచ్చాడు. భుజం ఖాళీ.

“డ్యూటీ ఎన్ని గంటలకు?” అని అడిగాను.

“డ్యూటీ లేదు గీటీ లేదు. వేరే మనిషిని చూసుకోమని చెప్పిన. కాపలకు రమ్మంటే షత్రంజీలు అమ్మవడితివి అని అపార్ట్‌మెంటోళ్ళు ఒకటే నవ్వుడు. రెండూ తీసుకున్నరు, ఇంకో నాలుగు కావాల్నట. నీలి చారలు ఎయ్యమన్నరు. మనకాడ నీలి నూలున్నదా వదినా?”

“ఉన్నది. ముందు ఆ చొక్కా మార్చుకో, రంగు అంటుతది” అన్నాను.